పాత జీపు కొనే ముందు

ఒక ఇంటి మాట అనుకుందాం. చంద్రగిరి పక్కన పల్లె. కొడుకు వచ్చి తల్లితో ఇట్లా అన్నాడు:

"అమ్మా, పాత జీపు ఒకటి అమ్మకానికి వచ్చింది. నాలుగు చక్రాలూ లాగే బండి. బాగు చేయించుకుంటే గుట్టల దారిలో కూడా పోతుంది. తలకోన చూసేదానికి వచ్చేవాళ్లను తిప్పుకుంటా. నువ్వు సంఘంలో అప్పు తీసి ఇయ్యి."

తల్లి ఏమనాలి? "నాకేం తెలుసు నాయనా, నీ ఇష్టం" అనవచ్చు. "వద్దు" అని కూడా అనవచ్చు. కానీ అప్పు కాగితం మీద సంతకం ఆమెది. నెలనెలా కంతు కట్టేది ఆమె. బండి ఎక్కి కొండదారిలో పోయేది ఆమె బిడ్డ. అందుకే బండి సంగతి ఆమెకు కూడా కొంత తెలియాలి. మరమ్మతు చేసేది మెకానిక్కే. అతన్ని ఏమి అడగాలో మనం తెలుసుకుందాం.

జీపు ఎక్కడి నుంచి వచ్చింది?

జీపు మొదట యుద్ధం కోసం పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి బురదలో, ఇసుకలో, రాళ్లలో పోయే చిన్న బండి కావలసి వచ్చింది. యుద్ధం ముగిసేసరికి 6 లక్షలకు పైగా జీపులు తయారయ్యాయి. మన దేశంలో మహీంద్రా కంపెనీ 1940ల చివర్లో బొంబాయిలో జీపులు బిగించడం మొదలుపెట్టింది. తరువాత ఇక్కడే తయారు చేసింది. 1985లో మారుతి కంపెనీ జిప్సీ తెచ్చింది. ఇప్పుడు పాత బండి కొని కొండదారుల్లో తిప్పాలనుకునేవాళ్లు ఎక్కువగా వెతికేది ఈ పాత జీపులు, జిప్సీలే. వీటి పనితీరు సులువు. సామాన్లు విప్పి బిగించడం కూడా సులువే.

నాలుగు చక్రాలూ లాగడం అంటే ఏమిటి?

మామూలు జీపులో ఇంజను బలం వెనక రెండు చక్రాలకే పోతుంది. ముందు చక్రాలు ఊరికే తిరుగుతాయి. వెనక చక్రాలు బురదలో దిగబడితే బండి కదలదు.

నాలుగు చక్రాలూ లాగే జీపులో గేరుపెట్టె పక్కన ఇంకో చిన్న పెట్టె ఉంటుంది. అది ఇంజను బలాన్ని ముందు చక్రాలకు కూడా పంచుతుంది. వెనక చక్రాలు జారితే ముందు చక్రాలు లాగుతాయి.

ఆ పెట్టెలో నిదానం గేరు కూడా ఉంటుంది. అది వేస్తే బండి మెల్లగా పోతుంది, లాగే బలం పెరుగుతుంది. ఎద్దులు ఏటిగట్టు ఎక్కేటప్పుడు పరుగెత్తవు కదా. అడుగు అడుగు వేసి లాగుతాయి. ఇది కూడా అంతే.

తారు రోడ్డు మీద మాత్రం ముందు చక్రాలకు బలం ఇవ్వకూడదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు ఒక దూరం, వెనక చక్రాలు ఒక దూరం తిరుగుతాయి. మట్టిలో అయితే చక్రం కొంచెం జారి సర్దుకుంటుంది. గట్టి రోడ్డు మీద జారదు. అప్పుడు టైర్లు అరుగుతాయి, లోపల పళ్ల చక్రాలు దెబ్బతింటాయి.

చూసేదానికి ఒకే మాదిరి ఉండే జీపుల్లో రెండు చక్రాలే లాగేవి చాలా ఉన్నాయి. అమ్మేవాడి మాట మీద పోవద్దు. గేరు కడ్డీ పక్కన ఇంకో చిన్న కడ్డీ ఉందా? కొన్ని జీపులకు రెండు ఉంటాయి. వంగి బండి కింద చూడండి. వెనక ఇరుసుకు మధ్యలో గుండ్రంగా ఉబ్బెత్తు ఉంటుంది. ముందు ఇరుసుకు కూడా అట్లాంటి ఉబ్బెత్తు ఉండాలి. లేకపోతే అది రెండు చక్రాలు లాగే బండే.

కాగితం చదవండి

బండికి ఆర్‌సీ ఉంటుంది. దాని మీద మాటలు ఇంగ్లీషులో ఉంటాయి. భయపడవద్దు. అంకెలు మనకు వచ్చినవే. ఆర్‌సీలో చాసీ నంబరు, ఇంజను నంబరు ఉంటాయి. ఆ నంబర్లే బండి ఇనుము మీద కూడా కొట్టి ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టి ఒక్కొక్క గుర్తూ పోల్చండి. ఒక్కటి తేడా వచ్చినా బయానా ఇవ్వవద్దు.

బండి ఏ సంవత్సరానిదో చూడండి. సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏళ్లే. ఆ తరువాత బండిని తనిఖీకి తీసుకుపోయి 5 ఏళ్లకు ఒకసారి పొడిగించుకోవాలి. పొడిగించారా లేదా అడగండి. ఫీజు ఎంతో రవాణా ఆఫీసులో ముందే కనుక్కోండి. బండి మీద పాత అప్పు ఉంటే అది తీరినట్టు కాగితం తీసుకోండి. కొన్న తరువాత 30 రోజుల లోపల పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలి.

ఇంకో మాట. సొంత బండిగా రాయించిన జీపులో బాడుగకు మనుషులను ఎక్కించకూడదు. బాడుగకు తిప్పాలంటే పర్మిట్టు, బాడుగ బండి ఇన్సూరెన్సు కావాలి. అవి లేకుండా ప్రమాదం జరిగితే నష్టపరిహారం మన ఇంటి మీద పడుతుంది. అప్పు తీసుకునే ముందే ఈ సంగతి తేల్చుకోవాలి.

మొదటి ఖర్చు దేనికి?

మన కొడుకు ఏమంటాడు? "పెద్ద టైర్లు వేయిస్తా. బండి ఎత్తు లేపుతా. పైన లైట్లు పెట్టిస్తా" అంటాడు. చూసేదానికి బాగానే ఉంటుంది. కానీ మొదటి దుడ్డు బ్రేకులకు పోవాలి.

చంద్రగిరి నుంచి తలకోనకు రంగంపేట మీదుగా భాకరాపేట కనుమ దాటి పోవాలి. 2022 మార్చిలో ఆ కనుమలో ఒక బస్సు లోయలో పడింది. ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్నవాళ్లు అందులో ఉన్నారు. పలువురు చనిపోయారు. కొండదారిలో ఒక్క తప్పు జరిగితే దిద్దుకునే చోటు ఉండదు. బండి ఎక్కగలదా అని అందరూ అడుగుతారు. ఆగగలదా అని మనం అడగాలి.

బ్రేకులు: చాలా పాత జీపుల్లో నాలుగు చక్రాల బ్రేకులకూ ఆయిలు ఒకే దారిలో పోతుంది. ఒక్క చోట గొట్టం పగిలితే నాలుగు బ్రేకులూ పోతాయి. ముందు చక్రాలకు ఒక దారి, వెనక చక్రాలకు ఒక దారి ఉండేటట్టు మార్చవచ్చు. అప్పుడు ఒకటి పోయినా ఇంకొకటి పట్టుకుంటుంది. రబ్బరు గొట్టాలు కొత్తవి వేయించాలి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకని రెండేళ్లకు ఒకసారైనా మార్చాలి. హ్యాండుబ్రేకు కూడా చూడాలి. మిట్ట మీద నిలబెట్టి హ్యాండుబ్రేకు వేస్తే బండి కదలకూడదు.

స్టీరింగు: బండి నిలబెట్టి స్టీరింగు అటూ ఇటూ తిప్పించండి. చక్రం కదలకుండా స్టీరింగు చాలా దూరం తిరిగితే కీళ్లు అరిగినట్టే.

టైర్లు: టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. పైన గాట్లు లోతుగా ఉన్నా, రబ్బరు ముసలిదై పగుళ్లు పట్టి ఉంటే ఆ టైరు పనికిరాదు.

నీళ్లు, ఆయిళ్లు: రేడియేటరు కారుతుందా? ఫ్యానుబెల్టు పగిలిందా? నిదానం గేరులో మిట్ట ఎక్కేటప్పుడు గాలి తక్కువ తగులుతుంది, ఇంజను బాగా వేడెక్కుతుంది. ఇరుసుల్లో ఆయిలు కూడా తీసి చూడాలి. అది మజ్జిగ రంగులో ఉంటే లోపలికి నీళ్లు పోయినట్టు.

కమాన్లు: ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టి ఉంటాయి. బండి బరువును మోసేవి అవే. ఒక్క పట్టీ విరిగినా మార్చాలి. చాసీకి తుప్పు, పాత అతుకులు ఉన్నాయేమో చూడాలి. రంగు వేసిన చోట సుత్తితో మెల్లగా తట్టి చూడమనండి. తుప్పును రంగుతో కప్పి అమ్మేవాళ్లు ఉంటారు.

ఏ మార్పు మంచిది? ఏది చెడ్డది?

కొన్ని మార్పులు పనికి వస్తాయి. బండి ముందు, వెనక చాసీకి గట్టి కొక్కేలు బిగించుకోవాలి. దిగబడితే తాడు కట్టి లాగేదానికి అవి కావాలి. ఆయిలు తొట్టి కింద రాళ్లు తగలకుండా మందమైన రేకు వేయించవచ్చు. సీట్లకు బెల్టులు పెట్టించాలి.

బండి ఎత్తు బాగా లేపడం మంచిది కాదు. నెత్తి మీద ఒక బిందె పెట్టుకొని నడవడం మనకు తెలుసు. దాని మీద ఇంకో బిందె పెడితే? కొంచెం ఒరిగినా పడిపోతాయి. బండి కూడా అంతే. బరువు పైకి పోయేకొద్దీ బోల్తా పడే భయం పెరుగుతుంది. మరీ పెద్ద టైర్లు వేస్తే పాత బ్రేకులు వాటిని ఆపలేవు. ఇరుసుల మీద కూడా భారం పడుతుంది.

చట్టం కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. ఇంజను మార్చాలన్నా, బండి ఎత్తు, ఆకారం మార్చాలన్నా ముందు రవాణా ఆఫీసులో అడగాలి. అనుమతి లేకుండా మారిస్తే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు కూడా చిక్కులో పడుతుంది.

దారిలో పాటించవలసినవి

అడవిలోకి అనుమతి లేకుండా బండి తోలకూడదు. తలకోన అడవి శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో ఉంది. శేషాచలం కొండలను 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అటవీశాఖ వదిలిన దారిలోనే పోవాలి.

దిగువకు పోయేటప్పుడు నిదానం గేరు వేయాలి. ఇంజనే బండిని పట్టుకుంటుంది. న్యూట్రల్‌లో దొర్లించకూడదు. ఊరికే బ్రేకు తొక్కుతూ పోతే బ్రేకులు కాగిపోయి పట్టు తప్పుతాయి.

2021 నవంబరు వానలకు స్వర్ణముఖి ఎట్లా పొంగిందో మనం చూశాం. వంక పారుతుంటే జీపు ఉంది కదా అని దిగకూడదు. పారే నీళ్లు రెండడుగులు ఉంటే పెద్ద బండిని కూడా తోసుకుపోతాయి. ఇంజను నీళ్లు మింగితే లోపల కడ్డీలు వంగిపోతాయి. లోతు తక్కువ ఉన్న నిలవ నీళ్లు దాటినా బ్రేకులు తడుస్తాయి. దాటిన తరువాత మెల్లగా పోతూ నాలుగైదు సార్లు బ్రేకు తొక్కి ఆరబెట్టాలి.

రేడియేటరు కాగినప్పుడు మూత తీయకూడదు. వేడినీళ్లు మొహం మీద చిమ్ముతాయి. చల్లారేదాకా ఆగాలి.

స్టెప్నీ, జాకీ, జాకీ కింద పెట్టేదానికి చెక్క, పానాలు, పార, గట్టి తాడు, తాగేనీళ్లు, మందులపెట్టె బండిలో ఉండాలి. తాడుతో బండిని లాగేటప్పుడు జనం దూరంగా నిలబడాలి. తాడు తెగితే కొరడాలాగా కొడుతుంది.

తల్లి ఏమి చేసింది?

తల్లి ఒక నోటుపుస్తకం తీసుకొని కొడుకుతో షెడ్డుకు పోయింది. అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్కుకు బండి చూపించింది.

"అన్నా, బ్రేకులకు ఎంత అవుతుంది? టైర్లకు ఎంత? కమాన్లకు ఎంత? విడివిడిగా చెప్పు" అని అడిగింది.

"లెక్క రాసుకుంటావా అక్కా?" అన్నాడు మెకానిక్కు.

"రాసుకుంటా. కంతు కట్టేది నేను కదా."

ఒక్కొక్కటీ రాసింది. కింద గీత గీసి కూడింది. బండి ధర, మరమ్మతు ఖర్చు, పర్మిట్టు, ఇన్సూరెన్సు అన్నీ కలిపితే కొడుకు చెప్పిన దానికంటే చాలా ఎక్కువ వచ్చింది. కొడుకు కూడా ఆ లెక్క చూశాడు. ఎత్తు లేపడం, పెద్ద టైర్లు, లైట్లు తీసేయమన్నాడు. బ్రేకులు పైన రాసుకున్నారు. అమ్మేవాడు ధర తగ్గిస్తేనే కొందామని ఇద్దరూ అనుకున్నారు.

మీ ఇంట్లో జీపే కాకపోవచ్చు. ఆటో కావచ్చు, ట్రాక్టరు కావచ్చు. సంతకం పెట్టే ముందు ఇట్లాగే చూడండి. నంబర్లు పోల్చండి. ఖర్చు రాయండి. బ్రేకు అడగండి. తెలియనిది అడిగేదానికి సిగ్గుపడవద్దు.