కంప్యూటర్ తెర మీద పడవ!

"పడవలు డిజైన్ చేస్తానండీ" అంటే చాలామంది నా వంక వింతగా చూస్తారు. "ఆడపిల్లవి, సుత్తీ ఉలీ పట్టుకుని ఏం చేస్తావమ్మా?" అని అడిగిన పెద్దవాళ్లూ ఉన్నారు. నేను పట్టుకునేది సుత్తి కాదు, మౌస్! పడవ శరీరాన్ని మేము 'హల్' అంటాం. విశాఖలో కూర్చుని కంప్యూటర్ మీద దానికి రూపు దిద్దడమే నా ఉద్యోగం.

పూర్వం ఈ పని ఎలా జరిగేదో తెలుసా? కాగితం మీద సన్నటి బద్దను వంచి, కదలకుండా సీసపు దిమ్మెలు పెట్టి, ఆ వంపు వెంట గీత లాగేవారు. తర్వాత దాన్నే పెద్ద హాలు నేల మీద అసలు సైజులో మళ్లీ గీసేవారు. ఆ బద్ద పేరు స్ప్లైన్. ఇప్పుడు కంప్యూటర్ గీసే వంపులకీ అదే పేరు! ఒక్కచోట వంపు మారిస్తే పక్క నుంచి, పై నుంచి, ముందు నుంచి కనిపించే బొమ్మలన్నీ దిద్దాలి. లెక్కలు మళ్లీ మొదటికి!

ఈ చాకిరీకి తెర దించినవారిలో ఒక మహిళ ఉన్నారు. పేరు రే మాంటెగ్యూ. 1935లో అమెరికాలోని ఆర్కన్సాలో పుట్టారు. చిన్నప్పుడు, యుద్ధంలో పట్టుబడిన జలాంతర్గామిని చూసి ఇంజినీర్ కావాలనుకున్నారు. నల్లజాతి అమ్మాయి కావడంతో ఆ చదువు దక్కలేదు. బిజినెస్ డిగ్రీ చదివి 1956లో నౌకాదళ సంస్థలో టైపిస్టుగా చేరారు. రాత్రి క్లాసులకెళ్లి కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. 1971లో, ఏళ్లు పట్టే యుద్ధనౌక ముసాయిదా డిజైన్‌ను కంప్యూటర్‌తో 18 గంటల 26 నిమిషాల్లో పూర్తిచేశారు! 2018లో కన్నుమూశారు.

ఇంతకీ దీనివల్ల మనకేంటి లాభం అంటారా? అన్నిటికంటే ముందు, ప్రాణం. పడవలో బరువు పైకి చేరేకొద్దీ ఒరిగే గుణం పెరుగుతుంది. 1628లో స్వీడన్ వాళ్ల 'వాసా' యుద్ధనౌక తొలి ప్రయాణంలోనే, రేవు దాటకుండానే, గాలి విసురుకి ఒరిగి మునిగిపోయింది. కారణం పైభారం. ఇవాళ అలాంటి పడవని తెర మీదే పట్టేస్తాం. జనమంతా పై డెక్కు ఎక్కితే? ఫొటోల కోసం అందరూ ఒకే పక్కకి వస్తే? పది డిగ్రీలు, ఇరవై, ముప్పై... ఒంచి చూస్తాం. తిరిగి లేస్తుందా లేదా చెప్పేస్తుంది. లేవకపోతే వెడల్పు పెంచుతాం, బరువులు కిందికి దింపుతాం. అప్పటికింకా ఒక్క రేకు కూడా కొయ్యలేదు కదా!

రెండోది, ఖర్చు. హల్ నీటిని ఎంత సాఫీగా కోసుకుపోతే డీజిల్ అంత ఆదా. నాలుగైదు ఆకారాలు పోల్చి చూడటం ఇప్పుడు ఒకట్రెండు రోజుల పని.

మూడోది కుట్టుపని వచ్చినవారికి ఇట్టే అర్థమవుతుంది. ఒంటి వంపుకి సరిపోయేలా చదునైన గుడ్డను ఎలా కత్తిరిస్తామో, వంపు తిరిగిన పడవకి చదునైన రేకును అలా కొయ్యాలి. సాఫ్ట్‌వేర్ ఆ 'కటింగ్' గీసిస్తుంది. ముక్కలు తక్కువ వృథా అవుతాయి.

అయితే యంత్రాన్ని గుడ్డిగా నమ్మకూడదు. ఇంజను బరువు తప్పుగా చెబితే జవాబూ తప్పే వస్తుంది. అందుకే పడవ కట్టాక నీళ్లలో దింపి, బరువులు పక్కకి జరిపి, ఎంత ఒరిగిందో కొలిచి సరిచూస్తారు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటకుల బోటు మునిగిన సంగతి మనమెవరం మరిచిపోలేదు. ఏ సాఫ్ట్‌వేరూ వరదని ఆపదు. లెక్కకి మించి ఎక్కించుకునే చెయ్యినీ పట్టుకోదు.

ఆడపిల్లలు ఈ రంగంలోకి రావాలనుంటే ఇంటర్ ఎంపీసీ చాలు. విశాఖలోని ఇండియన్ మారిటైం యూనివర్సిటీ క్యాంపస్‌లో నావల్ ఆర్కిటెక్చర్ బీటెక్ ఉంది. డెల్ఫ్ట్‌షిప్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచిత రూపంలోనూ దొరుకుతుంది. ఇంట్లో కూర్చునే చేయి తిప్పుకోవచ్చు.

ఇక మిగతావాళ్లం? ఈసారి బోటెక్కేటప్పుడు ఎంతమందికి అనుమతి ఉందో అడగండి. లైఫ్ జాకెట్ ఉక్కపోసినా విప్పకండి. పాపికొండలు ఎంత అందంగా కనిపించినా, పిల్లలతో సహా అందరూ ఒకే పక్కకి పరిగెత్తకండి. మేము వేసిన లెక్క నిలబడేది మీరు కూర్చున్న చోటే!