పడక పక్కన మాట: దుఃఖంలో ఉన్నవారితో నర్సులు, మనం మాట్లాడే తీరు

ఆర్.కె.పేట, పళ్లిపట్టు వైపు మన ఇళ్లల్లో పెద్దలకు జబ్బు ముదిరితే దారి తెలిసిందే. ముందు తిరుత్తణి ప్రభుత్వ ఆసుపత్రి, అక్కడ కాదంటే తిరువళ్లూరు, లేదంటే రాయవేలూరు. చివరికి ఒకరోజు "ఇంక ఇంటికి తీసుకుపోండి" అనే మాట వినబడుతుంది. ఆ మాట డాక్టరు చెప్పి పక్క పడక దగ్గరికి వెళ్తారు. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలన్నీ నర్సుకే ఎదురవుతాయి. ఎన్నాళ్లుంటారమ్మా? అన్నం పెట్టొచ్చా? ఆయనకు చెప్పాలా, వద్దా? బెంగళూరులో ఉన్న కొడుకును ఇప్పుడే రమ్మనాలా?

వీటికి జవాబు చెప్పడం కూడా నర్సు పనిలో భాగమే. అందుకే నర్సింగ్ చదువులో కోల్పోవడం, దుఃఖం, ఆదుకునే మాట అనే విషయాలకు పాఠం ఉంది. ఆ పాఠంలోని సంగతులు నర్సులతో పాటు ఇంట్లోవాళ్లకూ తెలిస్తే మంచిదని ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందుగా, కోల్పోవడం అంటే చావు ఒక్కటే కాదు. చక్కెర జబ్బుతో కాలు తీసేసిన మనిషి, పక్షవాతంతో చెయ్యి పడిపోయి మగ్గం మీద కూర్చోలేని నేతపనివాడు, కడుపులో బిడ్డ నిలవని తల్లి, వీళ్లందరూ దుఃఖంలో ఉన్నవారే. "ప్రాణం దక్కింది కదా, సంతోషించు" అంటే వాళ్లకు ఓదార్పు కాదు, నోరు మూయించినట్టు అవుతుంది. మగ్గం ఉన్న ఇంట్లో ఆ చెయ్యి కూడా ఒక ప్రాణమే.

దుఃఖం గురించి ఎక్కువగా వినబడే పేరు ఎలిజబెత్ కూబ్లర్ రాస్. స్విట్జర్లాండులో పుట్టి అమెరికాలో పనిచేసిన ఈ వైద్యురాలు 1969లో రాసిన పుస్తకంలో ఐదు దశలు చెప్పారు: నమ్మకపోవడం, కోపం, బేరమాడడం, కుంగిపోవడం, ఒప్పుకోవడం. బేరమాడడం మనకు కొత్త కాదు, తిరుత్తణి మురుగనికి కావడి మొక్కుకోవడంలో అదీ కొంత ఉంటుంది. అయితే ఆమె చూసి రాసింది చావుకు దగ్గరైన రోగుల గురించి. తర్వాత అందరూ దాన్ని మిగిలినవారి దుఃఖానికీ మెట్ల వరుసలా అంటగట్టారు. నిజంలో ఎవరూ అలా మెట్టు మెట్టూ ఎక్కరు. పొద్దున ఒప్పుకున్నవాళ్లు సాయంత్రం మళ్లీ కోపంగా ఉంటారు. 1999లో స్ట్రోబ్, షుట్ అనే పరిశోధకులు చెప్పిన మాట మాకు ఇంకా సరిగ్గా అనిపిస్తుంది. దుఃఖంలో ఉన్న మనిషి కాసేపు పోయినవారి వైపు, కాసేపు బతుకు వైపు ఊగుతూ ఉంటాడు. భర్త పోయిన పది రోజులకే కండెలు చుట్టడానికి కూర్చున్న ఆమెను చూసి "అప్పుడే మరిచిపోయింది" అనుకోవడం తప్పు. ఆ ఊగడమే ఆమెను నిలబెడుతుంది.

ఇక మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు భాష. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి అప్పటి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. ఇంట్లో తెలుగు, బయట తమిళం అలవాటై, రెండూ మాట్లాడే తరాలు వచ్చాయి. కానీ జబ్బు ముదిరినప్పుడు, అందులోనూ మతిమరుపు జబ్బులో, తర్వాత నేర్చిన భాష ముందుగా జారిపోవడం తరచుగా కనబడేదే. నిన్నటిదాకా సంతలో తమిళంలో బేరమాడిన అవ్వ ఆసుపత్రి పడక మీద తెలుగు తప్ప పలకదు.

దీనివల్ల వచ్చే తేడా చిన్నది కాదు. మన పెద్దలు "ఆయాసంగా ఉంది" అంటే ఊపిరి ఆడడం లేదని. అదే మాట తమిళంలో అలసటగా ఉందని అర్థమిస్తుంది. అలసటే కదా, పడుకోబెట్టండి అంటారు. ఊపిరాడని మనిషిని వెల్లకిలా పడుకోబెడితే ఇంకా కష్టం. అలాగే మనం "అవసరం" అంటే కావాలని, తమిళంలో ఆ మాటకు తొందర అని. "దిగులు", "బెంగ" అన్నవాటికైతే తమిళంలో సరైన జోడీ దొరకడమే కష్టం. మన సరిహద్దు నర్సుల్లో చాలామందికి రెండు భాషలూ వచ్చు కాబట్టి గట్టెక్కుతున్నాం. చెన్నైలోనో మరో చోటనో ఆ వీలు ఉండదు.

అప్పుడు మధ్యలో నిలబడేది మనవడో మనవరాలో. ఇది మంచి పద్ధతి కాదు. పదిహేనేళ్ల పిల్ల చేత "మీ తాతకు ఇంక మందు లేదు" అనే మాట మోయించకూడదు. పైగా ఇంటివాళ్లు మాటను వడపోస్తారు. డాక్టరు నాలుగు మాటలు చెబితే తాతకు చేరేది "తగ్గిపోతుందంట" అనే ఒక్క మాట. వీలైతే తెలుగు తెలిసిన మరో నర్సునో ఉద్యోగినో అడగండి. లేదంటే నొప్పి, మంట, ఆయాసం, దాహం, భయం లాంటి పది మాటలు తమిళ లిపిలో అర్థంతో సహా కాగితం మీద రాసి పడక దగ్గర పెట్టండి. ఐదు నిమిషాల పని.

"అమ్మకు చెప్పొద్దు సిస్టర్" అనే అభ్యర్థన ప్రతి వార్డులో ఉంటుంది. ప్రేమతోనే అడుగుతారు. కానీ చాలాసార్లు ఆ అమ్మకు ముందే తెలిసి ఉంటుంది. పిల్లలు బాధపడతారని ఆమె, ఆమె బాధపడుతుందని పిల్లలు, ఎవరికి వారు నటిస్తూ చివరి రోజులు గడిపేస్తారు. పొలం ఎవరికి, నగలు ఎవరికి, ఎవరితో మాట కలపాలి అనేవి అడగకుండానే మిగిలిపోతాయి. తెలిసిన నర్సు ఇలాంటప్పుడు వాదించదు, అలాగని అబద్ధం కూడా చెప్పదు. "మీకేమనిపిస్తోందమ్మా? ఏమైనా తెలుసుకోవాలని ఉందా?" అని రోగినే అడుగుతుంది. వద్దంటే వదిలేస్తుంది. అడిగితే కూర్చుని, తెలిసిన మాటల్లో, కొంచెం కొంచెంగా చెబుతుంది. నిలబడి చెప్పడానికీ కూర్చుని చెప్పడానికీ ఎంత తేడానో విన్నవారికే తెలుస్తుంది.

ప్రాణం పోయాక ఏమనాలి? "ఏడవొద్దు", "వయసైపోయింది కదా", "మగాడివై ఉండి ఏడుస్తావా", "దేవుడికి ఇష్టమైనవాళ్లనే తీసుకుపోతాడు", ఇవన్నీ మనం అలవాటుగా అనే మాటలు. ఏ ఒక్కటీ విన్నవారికి ఉపయోగపడదు. "చాలా కష్టంగా ఉంది మాకు కూడా" అని పక్కన కూర్చోవడం మేలు. పోయినవారి పేరు పలకండి. ఆయన నేసిన చీర, ఆయన పెట్టిన చెట్టు గురించి అడగండి. ఏమీ తోచకపోతే ఊరికే కూర్చున్నా సరే. చిన్నపిల్లలకు మాత్రం "తాత నిద్రపోయాడు" అని చెప్పకండి, ఆ రాత్రి నుంచి వాళ్లు నిద్రకే భయపడవచ్చు. చనిపోయాడు, ఇంక రాడు అని మెల్లగా నిజం చెప్పాలి.

ఈ విషయంలో మన పాత పద్ధతులు చాలావరకు తెలివైనవే. పలకలు మోగడం, ఆడవాళ్లు రాగాలు తీసి ఏడవడం, మూడోనాడు పాలు పోయడం, పెద్దదినానికి బంధువులందరూ చేరడం, ఇవన్నీ ఏడుపుకు చోటిచ్చాయి. లోటల్లా రెండు చోట్ల. ఒకటి, పెద్దదినం భోజనాలు అయ్యాక ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అవుతుంది, అసలు దుఃఖం అప్పుడే మొదలవుతుంది. పరామర్శకు రెండో నెలలో వెళ్లేవాళ్లు ఎందరు? రెండు, పురిట్లో పోయిన బిడ్డకూ, నిలవని గర్భానికీ ఏ దినమూ లేదు. ఊరు గుర్తించని ఇలాంటి దుఃఖానికి కెన్నెత్ డోకా అనే అమెరికా పండితుడు 1989లోనే ఒక పుస్తకమంతా కేటాయించాడు. కాన్పు వార్డులో అందరి పక్కనా బిడ్డలుండి తన పక్క ఖాళీగా ఉన్న తల్లిని వేరే గదికి మార్చడం, కోరుకుంటే బిడ్డను చూడనివ్వడం, నర్సు చేయగల పెద్ద సాయం.

నెలలు గడిచినా తిండి, నిద్ర, పని ఏదీ పట్టకుండా ఉంటే, "నేనూ పోతే బాగుండు" అనే మాట వినబడితే అది వైద్యుడు చూడవలసిన స్థితి. ఆ మాట విన్నాక ఆలస్యం చేయకండి, మనిషిని ఒంటరిగా వదలకండి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఇంట్లోనే మంచాన ఉన్నవారికి తమిళనాడు ప్రభుత్వ 'మక్కళై తేడి మరుత్తువం' పథకం ఉంది. 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో మొదలైంది. రక్తపోటు, చక్కెర మందులతో పాటు నొప్పి తగ్గించే ఉపశమన సేవ కూడా ఇందులో ఉంది. పుండు కడగడం, గొట్టం మార్చడం వంటి పనులకు నర్సు ఇంటికే వస్తారు. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగి పేరు రాయించుకోండి.

ఆ నర్సుకు మనం ఏమిస్తున్నామో కూడా చూసుకోవాలి. నెలల తరబడి మీ గుమ్మం తొక్కిన మనిషి, మీ నాయన నొప్పిని మీకంటే దగ్గరగా చూసిన మనిషి. ఆయన పోయిన మర్నాడు ఆమె మరో ఇంటికి వెళ్లాలి, ఏడవడానికి ఆమెకు తీరిక ఉండదు. పెద్దదినానికి కబురు పంపేటప్పుడు ఆమెకూ పంపండి. వస్తే బంధువుల వరుసలోనే ఆకు వేయండి.