మిర్చి శుద్ధికి గామా కిరణాలు: నిర్వహణ విధాన పత్రం ఎలా ఉండాలి

గుంటూరు, ప్రకాశం ప్రాంతపు నల్లరేగడి భూములలో పండిన మిర్చిని కళ్లాలలో ఆరుబయట ఆరబెట్టడం జరుగుతుంది. ఈ దశలో దుమ్ము, పక్షుల రెట్టలు, సూక్ష్మజీవులు కాయలకు అంటుకొనడం సహజం. ఆవిరితో శుద్ధి చేసినచో రంగు, ఘాటు కొంత తగ్గే అవకాశం ఉన్నది. ఇథిలీన్ ఆక్సైడ్ వాయువును యూరోపియన్ యూనియన్ అనుమతించదు. ఈ కారణముగా మసాలా దినుసులను గామా కిరణాలతో శుద్ధి చేసే పద్ధతి ప్రాధాన్యం సంతరించుకున్నది. దీనికి కేంద్ర ప్రభుత్వం 1994లో అనుమతినిచ్చింది. నవీ ముంబయిలోని వాశిలో అణుశక్తి శాఖకు చెందిన బ్రిట్ సంస్థ 2000లో మసాలా దినుసుల శుద్ధి కేంద్రాన్ని ప్రారంభించింది.

ఇట్టి కేంద్రం అణు విద్యుత్ కేంద్రం కాదు. ఇందులో శుద్ధి చేసిన మిర్చి రేడియోధార్మికం కాదు. అయినప్పటికీ అక్కడ వినియోగించే కోబాల్ట్-60 అత్యంత శక్తిమంతమైనది కావున, 1983లో ఏర్పాటైన అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు తప్పనిసరి. కేంద్రాన్ని ఎలా నడపవలెనో తెలిపే నిర్వహణ విధాన పత్రాన్ని యాజమాన్యం ముందుగానే సిద్ధం చేయవలసి ఉంటుంది.

కోబాల్ట్ కడ్డీలను లోతైన నీటి తొట్టిలో ఉంచుతారు. పని వేళలో అవి మందపాటి కాంక్రీటు గోడల గదిలోకి పైకి వస్తాయి. సరుకు పెట్టెలు వాటి చుట్టూ తిరుగుతాయి. అంతా సవ్యంగా సాగే రోజున విధాన పత్రాన్ని ఎవరూ తెరవరు. పెట్టె ఇరుక్కుని కడ్డీలు కిందికి దిగని రోజున దాని అవసరం ఏర్పడుతుంది.

1989 ఫిబ్రవరి 5న ఎల్ సాల్వడార్ రాజధాని శాన్ సాల్వడార్‌లో వైద్య సామగ్రిని శుద్ధి చేసే కేంద్రంలో ఇదే జరిగింది. గదిలోని రేడియేషన్‌ను పసిగట్టవలసిన ప్రోబ్‌ను ఏళ్ల క్రితమే తొలగించి ఉన్నారు. హెచ్చరిక వ్యవస్థను ఏమార్చి తలుపు తెరిచే అలవాటు సిబ్బందిలో పాతుకుపోయి ఉన్నది. ఇరుక్కున్న సరుకును తీసేందుకు ఆపరేటర్ లోనికి వెళ్లి, తరువాత మరో ఇద్దరిని సాయానికి పిలిచాడు. ముగ్గురూ తీవ్రంగా గాయపడ్డారు, వారిలో ఒకరు సుమారు ఆరున్నర నెలలకు మరణించారు.

"కడ్డీలు దిగినవని నిర్ధారించుకొనవలెను" అని రాసి ఊరుకున్న వాక్యం ఇట్టి సందర్భంలో ఎవరికీ ఉపయోగపడదు. ఎవరు నిర్ధారించుకోవాలి, ఏ మీటరుతో, సూచిక ఎంత చూపాలి, చూపకపోతే ఎవరికి ఫోను చేయాలి అనేవి పత్రంలో ఉండాలి. మీటరు సున్నా చూపడానికి కారణాలు రెండు: కిరణాలు లేకపోవడం, లేదా మీటరు చెడిపోవడం. కనుక మీటరును పరీక్షించడం మొదటి అడుగుగానే రాయవలసి ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్ తాళంచెవి, గది తలుపు తాళంచెవి ఒక్కటే ఉండి, అది చేతి మీటరుకు కట్టి ఉండే ఏర్పాటు ఇందుకే. మీటరు చేత పట్టకుండా తలుపు తెరవడం అప్పుడు సాధ్యపడదు.

భాష విషయం కూడా ముఖ్యమే. మన ప్రాంతంలో బస్తాలెత్తే హమాలీలకు తెలియవలసిన పత్రం తెలుగులో ఉండాలి. అయితే సోర్సు, అలారం, గేటు అనే మాటలను వారు పలికినట్లే ఉంచడం మేలు. కార్యాలయ భాషకు అలవాటుపడిన మనము "వికిరణ ఉద్గమము" అని రాస్తే ప్రమాద సమయంలో దానిని ఎవరూ చదవరు.

రెండవ కీలకాంశం మోతాదు. మన నిబంధనల ప్రకారం సూక్ష్మజీవుల నిర్మూలనకు మసాలా దినుసులకు 6 నుండి 14 కిలోగ్రేలు. యూరోపియన్ యూనియన్ 1999 ఆదేశం మేరకు సగటు మోతాదు 10 కిలోగ్రేలు మించరాదు. ప్రత్తి నుండి తయారయ్యే శస్త్రచికిత్స దూదికి 25 కిలోగ్రేలు వాడుక. ట్రాంబేలోని ఐసోమెడ్ కేంద్రం 1974 నుండి వైద్య సామగ్రిని ఈ విధంగానే శుద్ధి చేసింది. కావున ఒక సరుకు పట్టికను మరొకదానికి వాడరాదు. గోనె బస్తాలోని కాయకు, ప్యాకెట్లలోని కారానికి సాంద్రత వేరు గనుక పట్టికలు కూడా వేరుగానే ఉండాలి.

కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 సంవత్సరాలు. ఏడాదికి సుమారు 12 శాతం చొప్పున దాని శక్తి తగ్గుతుంది. నిరుడు 100 నిమిషాలు పట్టిన సరుకుకు ఈ ఏడాది సుమారు 114 నిమిషాలు పడుతుంది. సవరించని పట్టికతో నడిపినచో సరుకు శుద్ధి కాకుండానే "శుద్ధి అయినది" అనే ముద్రతో వెళ్లిపోతుంది.

గామా కిరణాలు సూక్ష్మజీవులను చంపగలవు గాని, బూజు వలన అప్పటికే ఏర్పడిన అఫ్లాటాక్సిన్‌ను గాని, పురుగుమందుల అవశేషాలను గాని తొలగించలేవు. ఆ లోపాలు కళ్లంలోను, పొలంలోను సరిదిద్దుకోవలసినవి. సరుకును స్వీకరించే ముందు చేయవలసిన పరీక్షలను విధాన పత్రం మొదటి పుటలలోనే పేర్కొనడం అవసరం. శుద్ధి చేసిన ప్యాకెట్‌పై రదురా గుర్తు ఉండాలి. తనిఖీకి వెళ్లే అధికారులు, పాత్రికేయులు లైసెన్సు కాలపరిమితితో పాటు మోతాదు పట్టికపై ఉన్న చివరి సవరణ తేదీని కూడా అడిగి చూడవచ్చును.