పంగలకర్ర

మిరపచేను చుట్టూ కంప వేసేటప్పుడు ముల్లును ఎవరూ చేత్తో ముట్టుకోరర్రా. పంగలకర్ర అందుకుంటారు. పంగ కంప మీద పడుతుంది, పిడి చేతిలో ఉంటుంది, ముల్లు మాత్రం మనిషికి రెండు మూరల దూరంలో ఆగిపోతుంది. ఒకప్పుడు గురజాల, మాచర్ల వైపు ఏ కొట్టంలో చూసినా చూర్లో ఒకటి దోపి ఉండేది. ఆ కర్రను మనసులో పెట్టుకోండి. మన నెత్తుట్లో అచ్చం ఆ ఆకారంలోనే కోటానుకోట్ల కర్రలు తిరుగుతున్నాయి. వాటినే యాంటీబాడీలంటారు, మీ పుస్తకాల్లో ప్రతిరక్షకాలు.

ఒక్కో కర్రలో నాలుగు ప్రొటీను గొలుసులుంటాయి. రెండు పొడుగువి, రెండు పొట్టివి. వాటిని గంధకం ముడులు కలిపి పట్టుకుంటాయి. ఒక జాతి కర్రలకు పిడి ఒకే తీరుగా ఉంటుంది, తేడా అంతా పంగ కొసల్లోనే. ఒకదాని కొస ధనుర్వాతం విషానికి సరిగ్గా అతుక్కుంటే, ఇంకోదాని కొస తట్టు వైరస్‌కి అతుక్కుంటుంది. కొస పట్టు బిగించాక, చెత్తను మింగే తెల్లకణాలు వచ్చి పిడి అందుకుంటాయి. రైతు చెయ్యి చేసే పని అక్కడ వాటిది.

ఈ ఆకారం తెలియడానికి బొప్పాయి సాయం చేసింది. వేటమాంసం ముదురైతే మీ నాయనమ్మ పచ్చి బొప్పాయి ముక్క వేస్తుంది కదా, ఆ పాలలో పపైన్ అనే పదార్థం ఉంది. అది ప్రొటీన్లను కోస్తుంది. ఇంగ్లండులో రోడ్నీ పోర్టర్ దానితోనే యాంటీబాడీని కోసి చూశాడు. మూడు ముక్కలయింది. రెండు ముక్కలు శత్రువును పట్టుకునేవి, మూడోది పట్టుకోలేనిది. అంటే పంగ రెండు కొమ్మలు, ఒక పిడి. ఆ సంగతి ఆయన 1959లో ప్రకటించాడు. అమెరికాలో జెరాల్డ్ ఎడెల్మన్ గొలుసులను విడదీసి చూపించాడు. 1972లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

కర్రల్లో ఐదు రకాలు. కొత్త శత్రువు రాగానే ముందు పరిగెత్తేది ఐజీఎం. ఐదు కర్రలు పిడుల దగ్గర కట్టగట్టినట్టుంటుంది, పది కొసలతో పట్టుకుంటుంది. తరవాత నెమ్మదిగా తయారై ఎక్కువకాలం కాపుకాసేది ఐజీజీ. రక్తంలో ఉండే కర్రల్లో నాలుగింట మూడొంతులు అదే, తల్లి కడుపులో బిడ్డకు చేరేదీ అదే. ఐజీఏ కన్నీళ్ళలో, లాలాజలంలో, పేగుల్లో ఉంటుంది. తల్లి ముర్రుపాలలో అదే దండిగా ఉంటుంది. ఆ పాలు పిండి పారబోయడమంత అన్యాయం ఇంకోటి లేదు. దూడ సంగతి ఇంకా కష్టం. ఆవు కడుపులో ఉండగా దానికి యాంటీబాడీలు అందవు, ఈనగానే తాగే పాలతోనే అన్నీ రావాలి. అందుకని దూడ కడుపు నిండాకే మనకు జున్ను. ఐజీఈ నులిపురుగుల మీదికి పోయేది, వయ్యారిభామ పుప్పొడికి కొందరు తెగ తుమ్మేది కూడా దానివల్లే. కల్లంలో మిరప ఘాటుకి తుమ్మితే మాత్రం అది దాని పని కాదు. ఐదోది ఐజీడీ, ఎక్కువగా బీ కణాలనే తెల్లకణాల ఒంటి మీదే ఉంటుంది.

ఇంత దూరం చెప్పింది పాముల కోసం. పత్తికట్టె వామి కింద రక్తపింజరి ఉంటుంది. కల్లం దగ్గర కాపలాకని నేల మీద పడుకుంటే కట్లపాము వస్తుంది. మన ఒళ్ళు ఆ విషానికి కర్రలు చెక్కుకోవాలంటే వారం పైనే పడుతుంది. విషం అన్నాళ్ళు ఆగదు. అందుకని ఇంకొకరు చెక్కిన కర్రలు అరువు తెచ్చుకుంటాం. ఈ దారి చూపింది 1890లో బేరింగ్, కితసాతో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు. కంఠసర్పి, ధనుర్వాతాల మీద వాళ్ళు చేసిన పని అది. ఆ దశాబ్దంలోనే ఫ్రెంచి వైద్యుడు కాల్మెట్ పాము విషానికి విరుగుడు చేశాడు.

మనకు ఆ కర్రలు చెక్కిపెట్టేది గుర్రం. విషం కొంచెం కొంచెంగా ఎక్కిస్తే దాని రక్తంలో యాంటీబాడీలు పుడతాయి. ఆ విషం చాలామటుకు చెన్నై దగ్గర ఇరుళ గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుంది. 1978లో పెట్టుకున్న సంఘం అది. పాములు పట్టి, విషం తీసి, మళ్ళీ వదిలేస్తారు. విరుగుడు తయారుచేసే కంపెనీల్లో మన హైదరాబాదు విన్స్ బయోప్రొడక్ట్స్ ఒకటి. గుర్రం కర్ర పిడి మన ఒంటికి పడక ఇబ్బంది పెడుతుందని పెప్సిన్‌తో కోసి తీసేస్తారు. సీసాలో ఉండేది పంగ మాత్రమే. అయినా కొందరికి దద్దుర్లు, ఆయాసం వస్తాయి, అందుకే అది ఆసుపత్రిలోనే ఎక్కించాలి.

సీసా 10 మిల్లీలీటర్లు. ఒక్కో మిల్లీలీటరు రక్తపింజరి విషాన్ని 0.6 మిల్లీగ్రాములు పట్టుకుంటుంది, అంటే సీసాకి 6. ఆ పాము ఒక్క కాటులో సగటున 63 మిల్లీగ్రాములు దించుతుంది. డాక్టర్లు మొదటే 8 నుంచి 10 సీసాలు ఎందుకు పెడతారో ఇప్పుడు తెలిసిందా? నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, నాలుగింటికీ ఒకటే మందు.

అయితే రక్తంలో తిరుగుతున్న విషాన్నే ఈ కర్రలు పట్టగలవు. మూత్రపిండాలకు అప్పటికే జరిగిన చేటును తిరగదోడలేవు. మంత్రం దగ్గర పోయిన గంట అందుకే తిరిగి రాదు. మంత్రంతో బతికారనే వాళ్ళలో చాలామందిని కరిచింది విషం లేని పాము, లేదంటే విషం దించని కాటు. కాటు పడితే కోయొద్దు, తాడు బిగించొద్దు, నడిపించొద్దు. కాలు కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి. ప్రభుత్వాసుపత్రిలో ఆ మందు ఉచితం. చంటిబిడ్డకైనా పెద్దవాళ్ళకి ఎక్కించినన్ని సీసాలే ఎక్కిస్తారు, పాము దించిన విషం ఇద్దరికీ ఒకటే కనుక.