చలి పొద్దుల్లో పిల్లలతో...

సంక్రాంతి సెలవులొస్తే మా ఇంట్లో ఇద్దరు పిల్లలూ ఒక్క ఫోను కోసం కొట్టుకుంటారు. వద్దంటే వింటారా? ఫోనుకన్నా మంచిది ఏదైనా చూపించాలిగా! అందుకే చలికాలం ఆదివారాల్లో హైదరాబాద్‌లోనే తిప్పుతున్నాం.

వాళ్లకు అన్నిటికన్నా నచ్చింది అమీన్‌పూర్ చెరువు. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. చలికాలంలో వలస పక్షులు దిగుతాయి. మేం వెళ్లినరోజు అదృష్టం బాగుండి ఫ్లెమింగోలు కనిపించాయి. అవి ముక్కు తలకిందులుగా నీళ్లలో పెట్టి మేస్తుంటే మావాడు పది నిమిషాలు నోరు మెదపలేదు. వాడి విషయంలో అది రికార్డే! స్వెట్టరు, మఫ్లరు, ఫ్లాస్కులో వేడిపాలు ఉంటే చాలు, పైసా ఖర్చులేని వినోదం. ఆస్తమా ఉన్న పిల్లలైతే మాత్రం మంచు విడిచాకే బయల్దేరండి. ఇన్‌హేలరు సంచిలో పెట్టుకోవడం మరవొద్దు.

ఎండెక్కాక సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లొచ్చు. శుక్రవారం సెలవు. అక్కడి గడియారంలో గంటగంటకూ గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. పన్నెండింటికి వెళితే పన్నెండు దెబ్బలూ లెక్కపెట్టుకోవచ్చు.

మామూలుగా జనవరి 1న మొదలయ్యే నాంపల్లి నుమాయిష్ సంగతి తెలిసిందే. జనం ఎక్కువ. మీ నంబరు రాసిన చీటీ పిల్లల జేబులో పెట్టాకే లోపలికి అడుగుపెట్టండి.

ఇక గాలిపటాలు. నైలాను మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. అది పక్షుల రెక్కల్నే కాదు, బండిమీద వెళ్లేవాళ్ల గొంతుల్నీ కోస్తుంది. మా అమ్మాయి ఇప్పుడు దుకాణంలో, ‘‘అన్నా, నూలుదారమేనా?’’ అని రెండుసార్లు అడిగిగానీ చరఖా చేతికి తీసుకోదు.