ఇది షుగర్ జబ్బేనా?

ఈ పూట మన దేహారోగ్యానికి సంబంధించిన ఒక ప్రశ్నను గురించి కలిసి ఆలోచిద్దాము.

"రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేవవలసి వస్తోంది. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరడం లేదు. తిన్నది ఒంటికి పట్టడం లేదు. అరికాళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయి. ఇది షుగరేమో?" ఈ ప్రశ్నను మనలో అనేకులు మనసులోనే అడుగుకొంటారు. కొందరు పక్కింటివారిని అడిగి, వారు చెప్పిన కషాయం మొదలుపెడతారు. మరికొందరు ఎవరితోనూ చెప్పరు. పరీక్ష చేయిస్తే జబ్బు బయటపడుతుందేమోనని వారికి భయం. ప్రియులారా, పరీక్ష జబ్బును తీసుకొని రాదు. లోపల ఉన్నదానిని చూపిస్తుంది, అంతే.

మొదట ఈ లక్షణాలు ఎందుకు వస్తాయో గమనించండి. మనం తిన్న అన్నం, రొట్టె, పండు కడుపులో అరిగి చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. ఆ చక్కెర కణాలలోనికి వెళ్లాలంటే ఇన్సులిన్ కావాలి. ఇన్సులిన్‌ను క్లోమగ్రంథి తయారుచేస్తుంది. అది చాలకపోయినా, ఉన్నది సరిగా పనిచేయకపోయినా చక్కెర రక్తంలోనే నిలిచిపోతుంది.

రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటినప్పుడు మూత్రపిండాలు దానిని ఆపలేవు. అది మూత్రంలోనికి దిగుతుంది, తనతోపాటు నీటిని లాగుకొని పోతుంది. అందుచేతనే మాటిమాటికీ మూత్రం, దాని వెనుకనే దాహం. కణాలకు చక్కెర అందక శరీరం తన కొవ్వును, కండను కరిగించుకొంటుంది. అందుకే బాగా తింటున్నా మనిషి చిక్కిపోతాడు. కంటిలోని కటకం ఉబ్బి చూపు మసకబారుతుంది. పుండ్లు త్వరగా మానవు. మర్మావయవాల దగ్గర దురద, చర్మంపై కురుపులు మళ్లీ మళ్లీ వస్తాయి.

ఇప్పుడు అతి ముఖ్యమైన మాట చెబుతున్నాను, జాగ్రత్తగా వినండి. పరగడుపున రక్తంలో చక్కెర 126 చేరితేనే వైద్యులు దానిని మధుమేహమంటారు. మూత్రంలోనికి చక్కెర దిగేదేమో సుమారు 180 దాటిన తరువాత. ఈ రెండు అంకెల మధ్య ఉన్న మనిషికి దాహం ఉండదు, అతిమూత్రం ఉండదు. తాను ఆరోగ్యంగానే ఉన్నాననుకొంటాడు. అలా కొన్ని సంవత్సరాలు గడచిపోవచ్చు. ఆ కాలంలోనే కంటి నరాలు, మూత్రపిండాలు, పాదాల నరాలు నెమ్మదిగా దెబ్బతింటాయి. కొందరికి కాలి పుండు మానకనో, గుండెపోటు వచ్చిన రోజునో మొదటిసారి షుగర్ సంగతి తెలుస్తుంది.

మూత్రానికి చీమలు పడితే షుగర్ అని మన పెద్దలు చెప్పేవారు. అందులో నిజముంది. చరక, సుశ్రుతుల కాలమునుండే మన దేశ వైద్యులు ఈ తియ్యని మూత్రాన్ని గుర్తించారు. మధుమేహమనే పేరు కూడా తేనె అనే మాటనుండే వచ్చింది. అయితే చీమలు పట్టలేదు గనుక జబ్బు లేదనుకోవడం పొరపాటు. చీమలు వచ్చేసరికి చాలా ఆలస్యమై ఉంటుంది.

దీనికి రెండవ ప్రక్క కూడా ఉంది. లక్షణం కనబడినంతమాత్రాన అది షుగరే అనుకోకూడదు. మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్లడం ఇన్‌ఫెక్షన్ వలన కావచ్చు. పెద్దవయసు పురుషులలో ప్రోస్టేట్ గ్రంథి వాపు వలన కావచ్చు. నీరసం రక్తహీనతవల్లగాని థైరాయిడ్ లోపంవల్లగాని రావచ్చు. కాళ్ల తిమ్మిర్లు బి12 విటమిన్ తగ్గినందువల్ల రావచ్చు. బరువు తగ్గుతూ రెండు వారాలకు మించి దగ్గు ఉంటే క్షయ పరీక్ష తప్పక చేయించాలి. షుగర్ ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం ఎక్కువ గనుక ఈ రెండు పరీక్షలూ కలిపి చేయించడం మంచిది. ఉపవాసమున్న రోజున కళ్లు తిరిగితే అది షుగర్ జబ్బుకు గుర్తు కాదు. అయితే షుగర్ మాత్రలు వాడుతున్నవారు మాత్రం వైద్యుని అడగకుండా ఉపవాసముండరాదు.

మరి తేల్చేది ఎలా? రక్తపరీక్ష ఒక్కటే మార్గం. రాత్రి భోజనం తరువాత ఎనిమిది గంటలు ఏమీ తినకుండా, మంచినీళ్లు మాత్రమే తాగి, ఉదయం రక్తం ఇవ్వాలి. 100 లోపు ఉంటే మామూలు. 100 నుండి 125 వరకు ఉంటే జబ్బు గుమ్మం దగ్గర నిలిచి ఉన్నదని అర్థం. 126 గాని అంతకు మించిగాని ఉంటే మధుమేహం. మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బిఎ1సి అనే పరీక్ష కూడా ఉంది. అందులో 6.5 శాతం చేరితే మధుమేహం. రక్తహీనత, సికిల్ సెల్ ఉన్నవారిలో ఆ అంకె తప్పుగా రావచ్చు గనుక ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పండి. లక్షణాలేమీ లేనివారికి ఒక్కసారి ఎక్కువ వచ్చినంతమాత్రాన నిర్ధారణ చేయరు, మరల పరీక్షించి చూస్తారు.

ఇంట్లో వేలు గుచ్చి చూసే మిషను మందులు వాడేవారికి చాలా ఉపయోగం. అయితే జబ్బును నిర్ధారించడానికి లేబొరేటరీ పరీక్షే కావాలి. మామిడిపండు తిన్న చేతిని కడుగకుండా గుచ్చితే మిషను అంకె పెరిగి కనిపిస్తుంది. పరీక్షకు ముందు నాలుగు రోజులు అన్నం మానేసి అంకె తగ్గించుకొనేవారూ ఉన్నారు. వైద్యుని మోసపరచవచ్చునేమో గాని శరీరాన్ని మోసపరచలేము.

లక్షణాలు లేకపోయినా పరీక్ష అవసరమైనవారు ఎవరు? 30 ఏండ్లు దాటినవారందరు. తల్లికిగాని తండ్రికిగాని షుగర్ ఉన్నవారు. నడుము చుట్టుకొలత స్త్రీలలో 80, పురుషులలో 90 సెంటీమీటర్లకు చేరినవారు. మెడ వెనుక చర్మం నల్లగా మందంగా మారినవారు. గర్భిణీ స్త్రీలందరు. 30 దాటినవారికి ప్రభుత్వ ఉపకేంద్రాలలోను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలోను ఈ పరీక్ష ఉచితంగా చేస్తారు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవారు సుమారు 10 కోట్ల మంది, గుమ్మం దగ్గర ఉన్నవారు 13 కోట్లకు పైగా. కాబట్టి ఇది సిగ్గుపడవలసిన జబ్బు కాదు.

తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక మాట. పెద్దవారికి పరీక్ష ఈ వారంలో చేయించవచ్చు, పిల్లలకు ఆ వ్యవధి ఉండదు. పక్క తడపడం మానేసిన బిడ్డ మళ్లీ తడుపుతున్నా, విపరీతంగా నీళ్లు తాగుతున్నా, కొద్దిరోజులలోనే చిక్కిపోయినా ఆ రోజే రక్తంలో చక్కెర చూపించండి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, ఊపిరిలో పండిన పండ్ల వాసన ఉంటే వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తండి. దిష్టి అనో, అజీర్ణమనో ఇంట్లో ఉంచుకోవద్దు. ఒకప్పుడు అలాంటి పిల్లలు బ్రదికేవారు కారు. 1922 జనవరిలో కెనడా దేశపు టొరంటో పట్టణంలో 14 ఏండ్ల బాలునికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. మరణానికి చేరువలో ఉన్న ఆ బాలుడు మరి 13 ఏండ్లు జీవించాడు. ఈనాడు ఇన్సులిన్ క్రమంగా తీసుకొనే పిల్లలు చదువుకొని, ఉద్యోగాలు చేసి, పిల్లాపాపలతో జీవిస్తున్నారు. కావలసింది సమయానికి గుర్తించడమే.

ప్రియులారా, గుమ్మం దగ్గర ఉన్నప్పుడే తెలిసికొంటే నడక, మితాహారం, బరువు తగ్గడం ద్వారా చాలామంది జబ్బును దూరంగా ఉంచగలరు. జబ్బు ఉన్నదని తేలినా మందులున్నాయి. ప్రార్థన చేయండి, పరీక్ష కూడా చేయించుకోండి. ఇంట్లో చెప్పుకోలేక బాధపడే పెద్దవారుంటే మీరే తోడుగా తీసుకొని వెళ్లండి. అనుమానంతో ఏండ్లు గడపడంకంటె ఒక్క ఉదయం పరగడుపున రక్తం ఇచ్చి రావడం ఎంతో తేలిక.