బ్రేకు నూనెలో చేరు నీరు, గాలి

బ్రేకు చెడినదనగా చక్రమువద్ద లైనర్లు అరిగినవనియే పెక్కుమంది తలంతురు. లైనరు అరుగుట చెవికి వినబడును. విప్పి చూచిన కంటికిని గనబడును. ఇంటివద్దను, సంత బాటలోను బాగుగనే పనిచేసి, కొండ దిగునప్పుడు మాత్రమే బయలుపడు దోషము వేఱొకటి కలదు. కారు గాని, పంట తోలు చిన్న లారీ గాని కలిగిన మన సభ్యులు దానిని తెలిసికొనుట యవసరమని ఈ సంచికలో వ్రాయుచున్నాము.

పెడలు త్రొక్కగనే మాస్టరు సిలిండరులోని పిస్టను ద్రవమును నెట్టును. ఆ ద్రవము సన్నని గొట్టములగుండా నాలుగు చక్రములకును ఒత్తిడిని చేర్చి, ప్యాడ్లను డిస్కునకును, లైనర్లను డ్రమ్మునకును అదిమిపట్టును. మాల్కం లాక్‌హీడ్ అను అమెరికా దేశస్థుడు ఇట్టి బ్రేకునకు 1917లో పేటెంటు పొందెను. 1921లో డ్యూసెన్‌బర్గు కారునకు నాలుగు చక్రములయందును దీని నమర్చిరి. అంతకు మున్ను కడ్డీలును తీగలును లాగెడివి. నాలుగు చక్రములును సమముగా పట్టుట కష్టముగా నుండెడిది.

ద్రవము అణగదు, గాలి అణగును. పశువులకు సూదిమందు వేయు పిచికారిని నీటితో నింపి, కొనను వ్రేలితో మూసి నొక్కుడు, కదలదు. గాలితో నింపి నొక్కిన మెత్తగా లోనికి దిగును. బ్రేకు గొట్టములో బుడగ చేరినప్పుడు జరుగునదియు ఇదియే. కాలిబలము గాలిని అణచుటకే సరిపోవును. పెడలు మెత్తబడినను, రెండుమూడు మార్లు త్రొక్కినగాని గట్టిపడకున్నను గాలి చేరినదని అనుమానింపవలెను.

నీటి సంగతి ఇంతకన్న కపటమైనది. నూనె యని పిలుచుచున్నాముగాని డాట్ 3, డాట్ 4 ద్రవములు నూనెలు కావు, గ్లైకాలు జాతివి. వానకాలమున ఉప్పు చెమ్మగిల్లునట్లు ఇవి గాలిలోని తేమను పీల్చుకొనును. ప్రమాణము ప్రకారము క్రొత్త డాట్ 3 ద్రవము 205 డిగ్రీల సెంటిగ్రేడునకు లోపల మరుగరాదు. నూటికి సుమారు 3.7 వంతుల నీరు చేరిన పిమ్మట ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోవును. డాట్ 4నకు ఈ లెక్కలు 230, 155.

తిరుమలనుండి దిగు బాటను తలచుకొనుడు. 1944లో తెరచిన పాత ఘాటు రోడ్డే నేడు దిగువారికి మార్గము. నిండు కుటుంబముతో, బ్రేకుమీది కాలు తీయకుండ దిగినచో డిస్కులు మిక్కిలి కాగును. ఆ వేడి ద్రవమునకు ప్రాకి, అందలి నీరు ఆవిరియగును. ఆవిరియు గాలివలెనే అణగును గనుక పెడలు ఒక్కసారిగా అడుగునకు దిగిపోవును. విచిత్రమేమన, బండి చల్లారగనే ఆవిరి మరల నీరై పెడలు గట్టిపడును. మరునాడు మిస్త్రీ చూచి దోషమేమియు లేదనును. డ్రైవరు అబద్ధమాడెనని నిందించుటకు ముందు ఆ ద్రవమును ఎన్నడు మార్చిరో విచారింపుడు. కారు పుస్తకములో వేఱుగా చెప్పనిచో రెండేండ్ల కొకసారి మార్చుట మేలు. కొండ ఎక్కిన గేరులోనే దిగవలెనను డ్రైవర్ల పాత మాటయు ఈ వేడిని తప్పించుటకే.

గాలి తీయుట ఇద్దరి పని. బండిని సమతలమున నిలిపి, చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, ఇంజను ఆపవలెను. నూనె తొట్టి మూతచుట్టునున్న దుమ్ము తుడిచిన పిదపనే మూత తీయవలెను. తొట్టిని నింపి, కారు పుస్తకములోని వరుసను చక్రములను పట్టవలెను. అనేక బండ్లకు మాస్టరు సిలిండరునకు దూరమైన చక్రము మొదటిది, గాని అన్నిటికిని గాదు. బ్లీడరు నిపిలుకు లోపలిది కనబడు సన్నగొట్టము తొడిగి, రెండవ కొనను కొంచెము క్రొత్త ద్రవము పోసిన సీసాలో ముంచవలెను. పెడలువద్ద నున్నవాడు మెల్లగా త్రొక్కి పట్టి, "పట్టితిని" అనవలెను. అప్పుడు నిపిలు పావుచుట్టు వదలిన ద్రవమును బుడగలును వెడలును. నిపిలు బిగించి "విడువు" మనిన పిదపనే కాలెత్తవలెను. ముందుగా కాలెత్తినచో వెడలిన గాలి మరల లోనికి బోవును. తొందరపాటున జరుగు పొరబాట్లలో ఇదియే ముఖ్యము. బుడగలు లేని తేటద్రవము వచ్చువరకు ఇట్లే చేయుచు, ఐదారు మార్లకొకసారి తొట్టిలో పోయుచుండవలెను. తొట్టి అడుగంటెనా, నీరు తగ్గి మోటారు పైపు గాలి పీల్చినట్లే. పనియంతయు మొదటికి వచ్చును.

పాతబండ్లలో పెడలును అడుగంట త్రొక్కరాదు. సిలిండరులో పిస్టను ఎన్నడును పోని చోట త్రుప్పుండి రబ్బరు వాషర్లను కోయును. పెడలుక్రింద చెక్కముక్క నుంచుట మంచి యుపాయము. ఏ.బి.యస్. గల కార్లలో ఆ యంత్రములోనికే గాలి చేరినచో, పెక్కింటికి కంపెనీ పరికరము లేక అది వెడలదు, వర్క్‌షాపునకు అప్పగింపుడు.

ఇంజను ఆయిలు గాని, కిరసనాయిలు గాని తొట్టిలో ఒక్క చుక్కయు పోయరాదు. రబ్బరు ఉబ్బి బ్రేకులే పనిచేయకపోవును. డాట్ 5 సిలికాను జాతిది, దానిని పై వానితో కలుపరాదు. నెలల క్రిందట మూత తెరచిన డబ్బాలోని ద్రవము చౌకయని పోయుట లోభమే. అదియు తేమ పీల్చియుండును. రంగుమీద చిందిన వెంటనే నీటితో కడుగవలెను. తీసివేసిన ద్రవము విషము. పశువుల కుడితితొట్టి దాపునను, బావి దాపునను పారబోయకుడు.

పని ముగిసిన పిమ్మట పెడలును ఒక నిమిషము గట్టిగా త్రొక్కి పట్టుడు. ఇంజను నడిపించగనే కొంచెము దిగుట సహజము. అట్లుగాక మెల్లగా దిగుచునేయుండి, బయట ఎక్కడను కారుట కనబడకున్న, మాస్టరు సిలిండరులోని రబ్బరులు పోయినవని తలంపవలెను. గాలి ఎంత తీసినను అది బాగుపడదు. పెడలు గట్టిగా నిలిచినను, మొదట కళ్లములోనే మెల్లగా నడిపి, నాలుగైదు మార్లు ఆపి చూచి, పిదప రోడ్డెక్కుడు.